సగం దిమ్మ

రావమ్మ కాలు వాచి మంచాన పడి ఉన్న రోజుల్లో ఆమె కత్తిపీటను వదిన పెద్దింట్లమ్మ మార్కెట్ నుంచి ఇంటికి మోసుకొచ్చేసింది. "వానకి తుప్పు పట్టిపోతోంది రావమ్మా, పాడైపోద్దని తెచ్చాను" అంటూ గుమ్మం పక్కన గోడకి ఆనించి, చెంబుడు మంచినీళ్ళు తాగి వెళ్ళిపోయింది. చూసేవాళ్ళకి అది సాయంలాగే ఉంటుంది. మంచం మీదున్న రావమ్మకి మాత్రం ఏం జరిగిందో ఆ క్షణానే అర్థమైంది. లేచి అరుద్దామంటే కాలు నేల మీద ఆనలేదు.

గుడివాడ చేపల మార్కెట్లో చేపలు కోసిపెట్టే ఆడవాళ్ళకి పట్టాలూ రసీదులూ ఏమీ లేవు. తల్లి కూర్చున్న చోట కూతురు కూర్చుంటుంది, అంతే. జ్వరం వచ్చినా, పురిటికి వెళ్ళినా, ఎవరన్నా పోయినా, కత్తిపీటను తన చోట్లో బోర్లించి, మీద గోనెపట్టా కప్పి వెళ్తారు. ఆ బోర్లించిన కత్తిపీట ఉన్నంతకాలం చోటు ఆమెదే. మార్కెట్ పాడుకున్నవాడికి ఏ రోజుకారోజు కట్టాల్సిన ఆశీలు పక్కావిడ కట్టేస్తుంది గానీ అక్కడ ఇంకొకరు కూర్చోరు. కత్తిపీట లేకపోతే ఆ మనిషి పని మానేసినట్టు లెక్క. దాన్ని తీసిందెవరని ఎవరూ అడగరు. అడిగితే తగువు వస్తుంది, తగువులో పడితే బేరాలు పోతాయి.

పైగా రావమ్మది అలాంటిలాంటి చోటు కాదు. గేట్లో అడుగుపెట్టగానే ఎడంచేతి వైపు మొదటి సిమెంటు దిమ్మ, పక్కనే కుళాయి. చేప కొన్నవాడు బయటికి వెళ్ళాలంటే ఆ దిమ్మ ముందునుంచే వెళ్ళాలి. రావమ్మ తల్లి వెంకాయమ్మ ఒకప్పుడు బందరు గిలకలదిండి నుంచి పాసింజరు రైల్లో చేపల తట్టతో వచ్చి వెళ్తూ, వెళ్ళి వస్తూ, ఆఖరికి ఇక్కడే ఉండిపోయి సంపాదించిన చోటు అది. ఆమె పోయాక దిమ్మ కూతురికి వచ్చింది. కోడలు పెద్దింట్లమ్మకి మార్కెట్ మధ్యలో, వెలుతురు సరిగా రాని చోట ఓ మూల దొరికింది. కూతురు కూతురే, కోడలు కోడలే అని వెంకాయమ్మ బతికుండగానే అనేది. పెద్దింట్లమ్మ ఆ మాట మర్చిపోలేదు. తప్పు పూర్తిగా ఆమె వైపే ఉందని చెప్పడం సులువే గానీ, పదిహేనేళ్ళు చీకటి మూలలో కూర్చుని గేటు దగ్గర బేరాలు చూస్తూ ఉండడం కూడా ఏమంత సులువు కాదు.

అది రెండువేల సంవత్సరం వానాకాలం. రావమ్మకి నలభై ఇంకా నిండలేదు. చేపలు కోసేవాళ్ళు కూర్చునే తీరు ఒకటుంటుంది. ఎడమకాలు మడిచి కత్తిపీట చెక్క మీద వేసి తొక్కిపెడతారు, కుడి మోకాలు పైకి లేపి దానికి గడ్డం ఆనించినంత వంగుతారు. తెల్లవారగానే కూర్చుంటే ఎండ నడినెత్తికి వచ్చేదాకా అదే కూర్చోవడం. లేస్తే బేరం పక్కదిమ్మకి పోతుంది. బూడిద రాసి కొర్రమేను పట్టుకుని, పొలుసు గీకి, మొప్పలు లాగి, ముక్కలు చేసి, సంచిలో వేసి ఇచ్చేలోపు వెనక ఇంకొకడు "మాది బొచ్చె, తలకాయ రెండు చెక్కలు చెయ్యి" అంటూ నిలబడి ఉంటాడు. ఆ రోజుల్లో ఓ ఉదయం ఎడమ పిక్క పట్టేసింది. ఎక్కువసేపు మడిచి కూర్చున్నాను కదా అనుకుంది. మర్నాటికి కాలు తొడదాకా వాచి, చర్మం సాగి, నిగనిగలాడుతూ వేడిగా ఉంది.

కింది కృష్ణా ఊళ్ళల్లో కాలు వాచిందంటే దానికి ఇంకో పేరు లేదు. బోదకాలు. ఇక్కడి దోమలకి, ఇక్కడి కాలవలకి, ప్రతి వీధిలోనూ ఒక ఏనుగు కాలు ఉంటుంది. అందుకని ఎవరూ ఆలోచించలేదు. పేటలో సూదిమందు వేసే ఆరెంపీ కాలు చూడకుండానే, మంచం మీద వాలిన మనిషిని గుమ్మంలోంచి చూసి బోదకాలు మాత్రలు ఇచ్చి పంపాడు. మార్కెట్లో ఎవరన్నా అడిగితే పెద్దింట్లమ్మ చేతిలో చేప ఆపి మరీ చెప్పేది.

"మా ఆడపడుచుకి బోదకాలండీ, పాపం. ఇంకేం కూర్చుంటది."

దోమ కుడితే వచ్చే జబ్బు చేపలోంచి రాదని ఆ మార్కెట్లో తెలియనివాళ్ళు లేరు. తెలిసినవాళ్ళే "ఆ చేత్తో కోసిన చేప ఎలా తింటామండీ" అన్నారు. కత్తిపీట ఇంటికి వచ్చేసిన మర్నాటినుంచి గేటు దిమ్మ మీద పెద్దింట్లమ్మ కూర్చుంది.

రావమ్మ మొగుడు వెంకటపతి కైకలూరు చెరువుల నుంచి ఆటో ట్రాలీలో చేపలు తోలేవాడు. దేనికీ తొందరపడే మనిషి కాదు. మాత్రలు మింగుతున్నా కాలు తగ్గకపోగా పెళ్ళాం మూలుగుతుంటే అతనికీ అనుమానం వచ్చింది.

"బోదకాలున్నవాళ్ళు మా చెరువుల దగ్గర శానామంది ఉన్నారే. ఇంతలా ఎవరూ ఏడవరు. ట్రాలీ ఎక్కు."

"చేపల ట్రాలీలోనా?"

"మరి నీకు అంబాసిడర్ తేమంటావా? కడిగించాలే, ఎక్కు."

అలా ఆమె మంచు పెట్టెల మధ్య కూర్చుని ఊళ్ళోనే ఉన్న డాక్టరు పూర్ణచంద్రరావు గారి ఆసుపత్రికి వెళ్ళింది. ఆయన రెండు కాళ్ళూ పక్కపక్కన పెట్టించి, టేపుతో కొలిచి, పిక్క మీద నెమ్మదిగా నొక్కాడు. రావమ్మ కెవ్వుమంది.

"బోదకాలని ఎవరన్నారమ్మా?"

"అందరూ అన్నారండి."

"బోదకాలు ఒక్క రోజులో తొడదాకా పాకదు. లోపల సిరలో రక్తం గడ్డకట్టింది. అనుమానం లేదు గానీ బెజవాడలో స్కానింగ్ తీయించాలి. ఆ గడ్డ ముక్క ఊడి పైకి వెళ్ళిందంటే ఊపిరితిత్తుల్లో అడ్డం పడుతుంది. అప్పుడు టైముండదు." ఆయన కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. "ఈ మధ్య ఆపరేషన్ ఏమన్నా అయిందా?"

"లేదండి."

"కాలో చెయ్యో విరిగి కట్టు కట్టించుకున్నావా? కాన్పు? పిల్లలు పుట్టకుండా బిళ్ళలు?"

"చిన్నోడు పుట్టినప్పుడే ఆపరేషన్ అయిపోయిందండి. వాడికి మీసాలొస్తన్నాయి."

"రోజుల తరబడి జ్వరంతో మంచాన పడ్డావా? దూర ప్రయాణం?"

"నేను మార్కెట్ గేటు దాటి ఎక్కడికెళ్తానండీ."

"మీ ఇంట్లో ఇలా ఎవరికన్నా వచ్చిందా?"

"మా అమ్మ నిద్దట్లో పోయిందండి. ఎందుకు పోయిందో ఎవరికీ తెలవదు."

డాక్టరు ఆ మాట చీటీ మీద రాసుకున్నాడు. రావమ్మ, ఆయనకి ఏదో ఒకటి చెప్పకపోతే మర్యాద కాదన్నట్టు, "రోజంతా కాలు మడిచి కూర్చుంటానండి" అంది.

"అది కొంతవరకే. మొత్తం దానివల్లే అయితే మీ మార్కెట్లో సగం మందికి రావాలి. కారణం దొరకడం లేదు."

"కారణం లేకపోతే మంచిదే గదండీ?"

"కాదమ్మా. కారణం ఉంటే అది పోయాక ఇదీ పోతుంది. కారణం దొరకలేదంటే, అదేదో ఇంకా నీ ఒంట్లోనే ఉన్నట్టు లెక్క. ఇలాంటిది మళ్ళీ వస్తుంది."

రావమ్మకి ఈ లెక్క తలకిందులుగా కనిపించింది. ఆమెకి తెలిసినంతలో, ఏదీ చెయ్యనిదానికి ఏదీ రాకూడదు. బెజవాడలో స్కానింగ్ తీశారు, పొట్ట మీద సూదులు పొడిచారు, ముందు ఆర్నెల్లు వాడి చూడమని రక్తం పల్చబడే బిళ్ళలు ఇచ్చారు. నెలకోసారి వచ్చి రక్తపరీక్ష చేయించుకోవాలి. అది ఎక్కువ పల్చబడితే ప్రమాదం, తక్కువ పల్చబడితే మందు వేసుకున్నా ప్రయోజనం లేదు. ఆకుకూర ఒకరోజు బుట్టెడు తిని ఒకరోజు మానెయ్యొద్దన్నారు. నొప్పి బిళ్ళలు తనంతట తను కొనుక్కోవద్దన్నారు. వాపు మెల్లిగా దిగింది.

కాలు దిగగానే ఆమె చేసిన మొదటి పని కత్తిపీట నెత్తిన పెట్టుకుని మార్కెట్‌కి వెళ్ళడం. ఆ ఉదయం గేటు దగ్గర జరిగిన తగువు మార్కెట్లో ఇప్పటికీ చెప్పుకుంటారు.

"లే వదినా."

"ఎందుకు లేస్తాను? ఖాళీగా ఉంటే కూర్చున్నాను. నేను కూర్చోకపోతే ఆ రాహేలు కూర్చునేది. ఇంట్లో చోటు ఇంట్లోనే ఉంచానని నాకు దణ్ణం పెట్టాలి నువ్వు."

"నా కత్తిపీట ఎవరు తీశారు?"

"తుప్పు పడతందని తీశాను. మంచికి పోతే ఇలాగే ఉంటది."

"బోదకాలని ఊరంతా చెప్పింది కూడా మంచికేనా?"

"నాకేం తెలుసే? నేనేమన్నా డాక్టర్నా? కాలు చూస్తే అలాగే ఉంది."

పక్కదిమ్మ మీదున్న రాహేలు చేప వదిలేసి నవ్వింది. "మీ ఇద్దరి మధ్యా నా పేరెందుకమ్మా. నా చోటు నాకుంది."

ఆఖరికి రావమ్మ అన్న కొండలరావుని పిలిపించారు. చేపల బుట్టలు మోసే రిక్షా లాగుతాడు. పెళ్ళాం వైపు చూడడానికీ భయమే, చెల్లెలి వైపు చూడడానికీ భయమే. మధ్యలో నిలబడి దిమ్మను చూస్తూ, "వెడల్పుగానే ఉంది గదా. చెరో సగం కూర్చోండి" అన్నాడు. పుట్టి బుద్ధెరిగాక అతను ఇచ్చిన ఏకైక తీర్పు అది. న్యాయంగానే ఉన్నట్టు అనిపిస్తుంది, అందుకే ఎవరూ కాదనలేకపోయారు.

ఆ రోజునుంచి ఒకే దిమ్మ మీద ఇద్దరు కూర్చున్నారు. మధ్యలో రెండు బూడిద తట్టలే సరిహద్దు. కుళాయి వైపు పెద్దింట్లమ్మ, గోడ వైపు రావమ్మ. నెలకోసారి రావమ్మ పరీక్షకి బెజవాడ వెళ్ళాలి. పాసింజరులో వెళ్ళి రావడానికి పొద్దంతా పోయేది. తిరిగొచ్చి మర్నాడు కూర్చోబోతే వదిన బూడిద తట్ట జానెడు ఇటు జరిగి ఉండేది. "నీళ్ళు కారుతున్నాయని జరిపాను" అనేది పెద్దింట్లమ్మ. రావమ్మ దాన్ని వెనక్కి తోసేది. పూర్తిగా వెనక్కి వెళ్ళేది కాదు. ఇలా ప్రతి పరీక్షకీ ఆమె సగం కొంచెం కొంచెం తగ్గుతూ వచ్చింది. డాక్టరు రక్తం ఎంత పల్చబడిందో చూస్తున్నాడు, రావమ్మ దిమ్మ ఎంత మిగిలిందో చూసుకుంటోంది.

దీనికితోడు చేతులు. చేపలు కోసేవాళ్ళకి వేళ్ళు తెగడం, జెల్ల ముల్లు గుచ్చుకోవడం రోజూ ఉండేవే. ఇదివరకు బూడిద అద్దితే ఆగిపోయేది. ఇప్పుడు బిళ్ళ వల్ల చిన్న గాటుకి కూడా రక్తం ఆగకుండా కారుతుంది. ఓ ఆదివారం పూట మాంఛి బేరం మధ్యలో వేలు తెగి, కోసిన చందువ ముక్కల మీద చుక్కలు చుక్కలుగా పడింది. చేప కొన్న రైతు ముక్కలు అక్కడే వదిలేసి లేచాడు.

"ఇలా రండి బావగారూ, నేను చేసిపెడతాను" అంది పెద్దింట్లమ్మ, చుట్టం కాని మనిషిని చుట్టం చేసుకుంటూ. "దానికి ఒంట్లో రక్తం ఎక్కువైపోయిందండి, పంచిపెడతంది."

జనం నవ్వారు. రావమ్మ కూడా నవ్వింది, ఇంకేం చెయ్యాలో తెలీక.

ఈ జబ్బు వచ్చింది తనొక్కదానికే అయితే రావమ్మ ఏమని ఆలోచించేదో గానీ, అదే రోజుల్లో రాహేలుకి కూడా వచ్చింది. ఆమె గుడివాడ బస్టాండులో ఆటోలోంచి పడి కాలు విరగ్గొట్టుకుంది. సిమెంటు కట్టుతో వారాల తరబడి మంచం మీదుంటే, ఆ కాల్లోనే గడ్డకట్టింది. అదే డాక్టరు, అవే సూదులు, అవే బిళ్ళలు. కొన్నాళ్ళకి డాక్టరు రాహేలుని బిళ్ళలు ఆపెయ్యమన్నాడు. ఆపేసింది. మళ్ళీ వచ్చి కూర్చుంది, గట్టిగా నవ్వుతోంది, వేలు తెగితే బూడిద అద్దుకుంటోంది.

రావమ్మ తన ఆర్నెల్లూ నిండాక ఇదే సంగతి డాక్టరుని అడిగింది.

"ఆవిడకి కాలు విరిగింది, కట్టు కట్టాం. అది ఆమె కారణం. ఆ కారణం అయిపోయింది. నీకు అలా కాదమ్మా. ఆర్నెల్లు చాలనే డాక్టర్లూ ఉన్నారు, నేను మాత్రం నిన్ను ఆపమనను."

"ఆపితే మళ్ళీ వచ్చి తీరుద్దాండీ?"

"వచ్చి తీరుతుందని చెప్పను. నీలాంటివాళ్ళు పదిమంది మందు ఆపితే, అయిదేళ్ళు తిరిగేసరికి ముగ్గురికి మళ్ళీ రావచ్చు."

"అంటే ఏడుగురికి రాదు."

"రాదు."

"ఆ ఏడుగురిలో నేను ఉండొచ్చు గదండీ?"

డాక్టరు నిజాయితీపరుడు. "ఉండొచ్చు" అన్నాడు. ఆ ఒక్క మాటా చాలు రావమ్మకి. ఆయన తర్వాత చెప్పింది ఆమె చెవికెక్కలేదు. పడవ వేసుకుని వెళ్ళినవాళ్ళు పదిమందిలో ఏడుగురే తిరిగొస్తారంటే గిలకలదిండిలో ఒక్కడూ సముద్రం మీదికి వెళ్ళడు. సముద్రం మీద ముగ్గురంటే మునిగిపోయిన మూడు మొహాలు కనిపిస్తాయి. ఆసుపత్రిలో ముగ్గురంటే ఎవరో ముగ్గురు. అక్కడే అందరూ పొరబడతారు, చదువుకున్నవాళ్ళతో సహా.

ఆమె ఎవరికీ చెప్పకుండా బిళ్ళలు మానేసింది. బెజవాడ వెళ్ళడం మానేసింది. బూడిద తట్టను వెనక్కి తోసి, కొండలరావు చెప్పిన సగం దగ్గర మళ్ళీ పెట్టింది. నెలలు గడిచాయి. కాలు సాయంత్రాలు కొంచెం బరువెక్కేది తప్ప ఏమీ లేదు. రోజూ మార్కెట్‌కి రావడం వల్ల దిమ్మ ఒక్క అంగుళం కూడా పోలేదు. ఏడుగురిలో ఒకదాన్నే అనుకుంది. ఏడాది దాటింది.

రెండోసారి అది కాలికి రాలేదు. వచ్చిందేమో, ఆమె చూసుకోలేదు. ఓ పొద్దున బిందెడు నీళ్ళు పట్టుకుని వస్తుంటే ఆయాసం వచ్చింది. ఊపిరి గట్టిగా పీలిస్తే కుడి డొక్కలో సూది గుచ్చినట్టయింది. దగ్గితే ఉమ్మిలో ఎర్రటి జీర కనిపించింది. బూడిదలో కూర్చుని పనిచేసే ఆడవాళ్ళలో దగ్గనివాళ్ళెవరు? బూడిద పడింది, అంతే, అనుకుంది. మిరియాల కషాయం తాగింది.

పక్కనే కూర్చున్న మనిషి ఊపిరి పక్కమనిషికే ముందు తెలుస్తుంది. పెద్దింట్లమ్మ చేప గీకడం ఆపి చూసింది.

"ఏంటే ఆ రొప్పుడు? ఒంట్లో బాగోలేదా?"

"బానే ఉంది."

"పెదాలు చూసుకున్నావా? నల్లబడినయ్యి. ఇంటికెళ్ళు."

"బేరాలున్నయ్."

"నీ బేరాలు నేను చూసుకుంటాలే. వెళ్ళవే, వెళ్ళి ఆ డాక్టరుకి చూపించుకో."

ఈ మాట వినగానే రావమ్మ కత్తిపీట చెక్కను ఇంకా గట్టిగా తొక్కిపట్టింది. నీ బేరాలు నేను చూసుకుంటానంటే ఏమిటో ఆమెకి తెలుసు. "నీ సంగతి నాకు తెలవదా వదినా. ఈసారి కత్తిపీటకి తుప్పు పట్టదులే" అంది. పెద్దింట్లమ్మ మొహం మాడ్చుకుని మళ్ళీ చేప అందుకుంది. ఆమె ఆ రోజు నిజంగా తన మంచి కోరే అన్నదో, చోటు కోసమే అన్నదో రావమ్మకి అప్పుడూ తెలియదు, తర్వాతా తెలియలేదు. బహుశా పెద్దింట్లమ్మకే తెలిసి ఉండదు. మర్నాడు మళ్ళీ అదే మాట అంది. ఆ మర్నాడూ అంది. ఎన్నిసార్లు అంటే అన్నిసార్లు రావమ్మ మరింత కదలకుండా కూర్చుంది. ఇంకొకరెవరన్నా చెప్పి ఉంటే వెళ్ళేదేమో. వాళ్ళకి ఆమె రొప్పుడు వినపడేంత దగ్గర చోటు లేదు.

ఆమె కూర్చునే ఉంది, అది లోపల పేరుకుంటూనే ఉంది.

ఆఖరికి కుళాయి దగ్గర చెయ్యి కడుక్కోవడానికి లేచిన రావమ్మ, అలాగే గోడవారన జారిపోయింది. కళ్ళు తెరిచే ఉన్నాయి, మాట రావడం లేదు. కేక వేసింది పెద్దింట్లమ్మే. రిక్షాలో బుట్టలు కింద పారేసి కొండలరావు చెల్లెల్ని ఎక్కించుకున్నాడు. పూర్ణచంద్రరావు గారు చూడగానే ఏం జరిగిందో గ్రహించి, అక్కడే సూది వేసి, బెజవాడకి పంపేశాడు. రెండు ఊపిరితిత్తుల్లోనూ గడ్డలున్నాయన్నారు. ఇంకొంచెం పెద్దదైతే చెప్పడానికి ఏమీ ఉండేది కాదన్నారు. వెంకటపతి ఆసుపత్రి వరండాలో కూర్చుని, పెళ్ళాం బిళ్ళలు మానేసిందన్న సంగతి మొదటిసారి అక్కడ డాక్టర్ల నోట విన్నాడు. ఆమె మాట్లాడగలిగాక అడిగాడు.

"ఎందుకు మానేశావే?"

"ఏడుగురిలో ఉన్నాననుకున్నాను."

అతనికి అర్థం కాలేదు.

పూర్ణచంద్రరావు గారు ఈసారి లెక్కలు చెప్పలేదు. "ఒకసారి కారణం లేకుండా వచ్చింది, ఆపితే మళ్ళీ వచ్చింది. ఇంక పదిమంది మాట లేదు. ఇది నువ్వు బతికినంతకాలం వేసుకోవాలి. పరీక్ష మానకూడదు. కూర్చుంటే గంటకోసారి లేచి నడవాలి. కత్తి పనికి వేళ్ళకి గుడ్డ చుట్టుకో" అన్నాడు. రావమ్మ తల ఊపింది. ఆయనకి నమ్మకం కలగలేదు. వెంకటపతి వైపు తిరిగి అదంతా మళ్ళీ మొదటినుంచి చెప్పాడు.

ఆమె మార్కెట్‌కి తిరిగి వచ్చేసరికి గేటు దిమ్మ మీద పెద్దింట్లమ్మ ఒక్కతే, నిండా కూర్చుని ఉంది. బూడిద తట్ట ఒక్కటే ఉంది. రావమ్మ కత్తిపీట మాత్రం పక్కన గోడకి, గోనెపట్టా చుట్టి ఆనించి ఉంది. బోర్లించలేదు, అలాగని ఇంటికీ పంపలేదు. దాన్ని ఏమని అర్థం చేసుకోవాలో ఎవరికీ తెలియదు. మార్కెట్లో ఆడవాళ్ళంతా పని ఆపి చూశారు, ఇంకో తగువు జరుగుతుందని. కొండలరావు రిక్షా దూరంగా పెట్టుకుని నిలబడ్డాడు.

రావమ్మ కత్తిపీట తీసుకుంది. దిమ్మ వైపు ఒకసారి చూసింది. ఆపైన మార్కెట్ చివరికి, మురుక్కాలవ పక్కన ఎవరూ కూర్చోని చోటికి వెళ్ళి పెట్టుకుంది. "అదేంటే, అడగవా?" అని రాహేలు వెనకాలే వచ్చింది. "అడిగితే రోజూ కూర్చోవాలి. నెలకోరోజు పోతే ఆ రోజు మళ్ళీ దెబ్బలాడాలి. దెబ్బలాటకి నాకు ఊపిరి లేదు రాహేలూ" అంది. అది వినయం కాదు, అలసట. క్షమించిందని మార్కెట్లో అనుకున్నారు గానీ క్షమించలేదు. వదిన పలకరిస్తే చాలా ఏళ్ళు పలకలేదు.

కాలవ పక్క చోటుకి బేరాలు తక్కువ. చిల్లర చేపలు, బొమ్మిడాయిలు, పరిగెలు కొన్న బీదవాళ్ళు, తొందర లేని ముసలివాళ్ళు అంతదూరం వచ్చేవాళ్ళు. ఎడమచేతి వేళ్ళకి సైకిల్ ట్యూబు ముక్కలు తొడుక్కుని కోసేది. గంటకోసారి కత్తిపీట బోర్లించి, కాళ్ళు విదిలించుకుని గేటుదాకా నడిచి వెనక్కి వచ్చేది. మొదట్లో ఆమె నడక చూసి ఆడవాళ్ళు పకపకలాడేవాళ్ళు.

"చైర్మన్ గారు తనిఖీకొచ్చారమ్మోయ్, చేపలు సర్దుకోండి!"

"సర్దుకోండి, సర్దుకోండి. ఈగలున్నచోట అందరికీ ఫైను" అనేది రావమ్మ, ఆగకుండా.

తర్వాత అలవాటైపోయి నవ్వడం మానేశారు. నెలకోసారి పాసింజరు ఎక్కేది. రోజూ రాత్రి అన్నం తిన్నాక బిళ్ళ మింగేది. మర్చిపోతే వెంకటపతి పడుకున్న మనిషిని లేపి మరీ మింగించేవాడు. తోటకూర రోజూ ఒక్కలాగే, ఒక గుప్పెడు, చేపల కూర పక్కన. ఎడమకాలు పూర్తిగా మామూలు కాలేదు, చీలమండ దగ్గర చర్మం నల్లబడి గట్టిపడింది. దాన్ని చూసి కొత్తవాళ్ళు ఇప్పటికీ బోదకాలనే అనుకుంటారు. ఆమె సరిచెయ్యడం మానేసింది.

అలా అయిదారేళ్ళు గడిచాక పెద్దింట్లమ్మ మోకాళ్ళు పనికిరాకుండా పోయాయి. దిమ్మ మీద కూర్చుంటే లేవడానికి ఇద్దరు పట్టుకోవాలి. కూతురు దివ్యశ్రీ కాపురం అవనిగడ్డలో. అల్లుడికి అక్కడ వలల కొట్టుంది. మీ ఇద్దరూ వచ్చెయ్యండని కబురు చేశారు. కొండలరావు రిక్షా అమ్మేశాడు. వెళ్ళే రోజు పొద్దున, బస్సు టైముకి ముందు, పెద్దింట్లమ్మ కర్ర పట్టుకుని మార్కెట్ పొడవునా నడిచి మురుక్కాలవ దగ్గరికి వచ్చింది. అంత దూరం ఆమె రావడం అదే మొదటిసారి. రావమ్మ చేతిలో పరిగెలున్నాయి. తల ఎత్తలేదు.

"వెళ్తన్నానే."

"అన్నయ్య చెప్పాడు."

"ఈ కంపులో ఎలా కూర్చుంటన్నావే ఇన్నాళ్ళూ?" పెద్దింట్లమ్మ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుంది. "నా కత్తిపీట తీసేశాను. దిమ్మ ఖాళీగా ఉంది. ఇప్పుడే వచ్చి నీది పెట్టుకో. మధ్యాహ్నం దాకా ఆగితే ఎవరో ఒకరు కూర్చుంటారు."

రావమ్మ పరిగె తోక కోసి పక్కన పడేసింది.

"వింటన్నావా? మీ అమ్మ దిమ్మ. మొత్తం నీదే. సగం గాదు."

"వింటన్నాను."

"ఇంకా కోపమేనా నా మీద?"

"కోపముంది."

"ఉంటే ఉండనీ. కోపం నా మీద పెట్టుకుని చోటు వదిలేసుకుంటావా? గేటు దగ్గర బేరం ఎలా ఉంటదో నీకు తెలవదా? పొద్దున కూర్చుంటే మధ్యాహ్నం దాకా తల ఎత్తనివ్వరు."

రావమ్మ అప్పుడు తల ఎత్తింది. చేతులు బకెట్లో ముంచి కడుక్కుని, కత్తిపీట బోర్లించి, మోకాళ్ళ మీద చేతులు ఆనించి మెల్లిగా లేచి నిలబడింది.

"అదే వదినా భయం. ఈ కాలవ కంపుకి గంటకోసారి నేనే లేచిపోతన్నాను. అక్కడ కూర్చుంటే నన్నెవరు లేపుతారు? పద, నడవాల్సిన టైమైంది, బస్సుదాకా వస్తాను."